గూడు కథ – 6: వరద పోయాక వచ్చిన బోర్డు

మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, దాదాపు 240 కిలోమీటర్లు నడిచి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమానికి అవతలి ఒడ్డు దామరచర్ల మండలం, ఇవతలి ఒడ్డు పాలకీడు మండలం. పట్నం మురుగంతా మోసుకొస్తుందని ఈ ఒడ్డున ఉన్నవాళ్లకు మూసీ మీద కోపం ఉంది, అందులో న్యాయమూ ఉంది. అయితే ఈ భాగంలో చెప్పుకోబోయేది మురుగు సంగతి కాదు. పట్నంలో పేదవాడికి ఇల్లు ఎవరు కట్టాలన్న ప్రశ్నను హైదరాబాద్ పాలకుల ముందు మొట్టమొదట నిలబెట్టింది ఈ నదే. ఒక్క రోజులో నిలబెట్టింది.

పోయిన భాగంలో మన ఊళ్లలో ఇల్లు ఎలా లేచేదో చూశాం. జాగ ఊరిది, మట్టి చెరువుది, దూలం చెట్టుది, చేతులు మనవి. గోడ కూలితే వానాకాలం పోయాక మళ్లీ పెట్టుకునేవాళ్లు. పట్నంలో ఈ నాలుగూ డబ్బుకే దొరుకుతాయి. డబ్బు లేనివాడు ఎవరికీ అక్కర్లేని జాగ వెతుక్కుంటాడు. ఎవరికీ అక్కర్లేని జాగ ఏ పట్నంలోనైనా ఏటి ఒడ్డునో, నాలా పక్కనో, గుట్ట బండల మీదో ఉంటుంది. 1908 నాటికి హైదరాబాద్‌లో మూసీ గట్లు రెండువైపులా అలాగే నిండిపోయి ఉన్నాయి. 1901 జనాభా లెక్కల్లో నగరం సంఖ్య సుమారు 4 లక్షల 48 వేలు. అప్పటి దేశంలో అది పెద్ద నగరాల్లో ఒకటి. ఏటికి ఆనుకొని కోల్సావాడి, అఫ్జల్‌గంజ్ లాంటి వాడల్లో దినకూలీలు, నీళ్లతో పనిపడే వృత్తులవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు ఇరుకిరుకుగా ఉండేవాళ్లు.

1908 సెప్టెంబరు చివర్లో వాన పట్టుకుంది. ఎగువన గొలుసుకట్టు చెరువులు ఒకదాని నీళ్లు ఒకదాని మీద పడి తెగడం మొదలైంది. అలా తెగినవి 221 అని తర్వాత లెక్క తేల్చారు. గొలుసుకట్టు గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పై చెరువు తెగితే కింది చెరువు ఆగదు. సెప్టెంబరు 28, సోమవారం నాడు ఆ నీళ్లన్నీ నగరం మీద పడ్డాయి. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ దెబ్బతిన్నాయి. కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ మాత్రం నిలబడింది. ఇప్పటి ఉస్మానియా దవాఖాన ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కళ్లముందే తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఇళ్లు 19 వేలు కూలాయని, ఇల్లు లేకుండా మిగిలినవాళ్లు 80 వేలని, పోయిన ప్రాణాలు 15 వేలని సాధారణంగా చెబుతారు. అంకెల్లో ఎక్కువతక్కువలు ఉండొచ్చు. పోయిన ఇళ్లు ఎవరివన్నది మాత్రం స్పష్టం. ఎత్తు మీదున్న దేవిడీలకు నీళ్లు అందలేదు, గట్టు మీది మట్టి ఇళ్లు మిగల్లేదు.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ గంజికేంద్రాలు తెరిపించారు. సహాయం అందింది. అసలు పని ఆ తర్వాత మొదలైంది. బొంబాయి ప్రభుత్వ కొలువు నుంచి అప్పుడే విరమించి యూరప్‌లో తిరుగుతున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన 1909లో వచ్చి, అదే ఏడాది నివేదిక ఇచ్చి, మైసూరు చీఫ్ ఇంజినీరుగా వెళ్లిపోయారు. నివేదికలో ముఖ్యమైనది నీళ్ల లెక్క. మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టాలన్నది ఆ లెక్క. గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ కథ పాఠ్యపుస్తకాల్లో ఉంది, పిల్లలకు కూడా తెలుసు.

తెలియని సగం ఇంటిది. నగరంలో నది గట్లను బాగుచేయాలని, మురుగు కాలువలు వేయాలని కూడా విశ్వేశ్వరయ్య చెప్పారు. గట్టు బాగుచేయాలంటే గట్టు మీది మనిషి కదలాలి. వాడు ఎక్కడికి కదలాలి? ఆ జవాబు ఆనకట్టల లెక్కలో దొరకదు.

జవాబు వెతకాల్సిన తొందర మరో దారిలో వచ్చింది. 1896లో బొంబాయిలో అడుగుపెట్టిన ప్లేగు దక్కన్ అంతా తిరిగి 1911లో హైదరాబాద్‌ను గట్టిగా పట్టుకుంది. ప్లేగు వస్తే ఊరు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకోవడం పల్లెల్లో అలవాటే. ఐదు లక్షలు దాటిన నగరం ఎక్కడికి పోతుంది? అదే ఏడాది మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూశారు. ఇరవై అయిదేళ్ల ఉస్మాన్ అలీ ఖాన్ ఏడో నిజాంగా గద్దెనెక్కారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఉర్దూలో ఆరాయిష్-ఎ-బల్దా. జనం నోట్లో మాత్రం చివరికి సీఐబీగానే మిగిలింది.

పద్ధతి కొత్తది కాదు. బొంబాయిలో 1898లోనే ప్లేగు పుణ్యమా అని ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పుట్టింది. అది చేసినదేమిటో చూస్తే హైదరాబాద్ బోర్డు గొప్పతనం, పరిమితి రెండూ అర్థమవుతాయి. బొంబాయి ట్రస్టు గాలి ఆడని పేటల్ని పడగొట్టి వెడల్పాటి రోడ్లు వేసింది. కొన్నేళ్లకు చూస్తే పడగొట్టిన గదులకన్నా కట్టిన గదులు తక్కువ. పరిహారం ఇంటి యజమాని చేతికి వెళ్లింది. ఆ ఇంట్లో నెలకు ఇంత అని ఇచ్చి బతికే కిరాయిదారుకు మూట నెత్తిన పెట్టుకోవడమే దక్కింది. వాడు పోయి పక్క పేటలో, ఇంకా ఇరుకైన గదిలో దూరాడు. రోగం తగ్గలేదు, పేట మారింది. భూసేకరణ చట్టాల్లో ఆస్తి ఉన్నవాడే మనిషి. అప్పుడూ అంతే, ఇప్పుడూ చాలావరకు అంతే. ఇది నా అభిప్రాయమే కాదు. పులిచింతల ముంపులో ఊరు వదిలిన హుజూర్‌నగర్ వైపు కుటుంబాల్లో పొలం లేని కూలీల్ని అడిగి చూడండి.

హైదరాబాద్ బోర్డు చేసిన మంచి పని ఒకటుంది. కూల్చడంతో పాటు కట్టడాన్ని కూడా తన పనిగా పెట్టుకుంది. నాంపల్లి, సుల్తాన్‌షాహీ, రెడ్‌హిల్స్, మల్లేపల్లి లాంటి చోట్ల పాత ఇరుకు వాడల్ని తీసేసి వరుస ఇళ్లు కట్టించింది. జీతాన్ని బట్టి చిన్నవి, పెద్దవి అంటూ తరగతులు పెట్టి, నెలనెలా కిరాయి మీద ఇచ్చింది. కట్టే చెయ్యి, కూల్చే చెయ్యి ఒకటే అయినప్పుడు కూల్చిన లెక్క ఎవరో ఒకరు అడుగుతారు. రెండూ వేరువేరు శాఖల్లో ఉంటే అడిగే దిక్కుండదు. ఇప్పటి మన నగరాల్లో కూల్చేది ఒకరు, కట్టేది ఇంకొకరు, జాబితా రాసేది మరొకరు.

ఇంకో సంగతి దూరం. నాంపల్లిలో తీసేసిన వాడవాళ్లకు, మల్లేపల్లిలోనో రెడ్‌హిల్స్‌లోనో లేచిన వరుస ఇళ్లకు మధ్య నడిచిపోయే దారే. అప్పటి నగరం చిన్నది కాబట్టి అలా కుదిరిందనొచ్చు. నిజమే. కానీ చిన్న నగరంలో కూడా పేదల్ని ఊరి బయట పారేసిన పాలకులు లోకంలో కొదవ లేదు. పొద్దున్నే పనికి నడిచి వెళ్లగలగడం ఆ ఇళ్లకున్న అసలు విలువ. గోడల మందం, గదుల కొలత దాని తర్వాతే.

ఇక బోర్డు పేరు చెప్పుకునే పనులన్నీ బజారు వైపే ఉన్నాయి. మదీనా నుంచి చార్మినార్ వైపు పోతుంటే రెండు పక్కలా కనిపించే పత్తర్‌గట్టీ రాతి కమానుల దుకాణాలు బోర్డువే. 1935 ప్రాంతంలో లేచిన మొజంజాహీ మార్కెట్ పేరు ఏడో నిజాం రెండో కొడుకు మొజం జాది. ఆయనే బోర్డు అధ్యక్షుడు. అంతకుముందే విన్సెంట్ ఎష్ గీసిన నమూనాలతో హైకోర్టు, ఉస్మానియా దవాఖాన మూసీకి చెరో ఒడ్డున నిలిచాయి. వరద గుర్తు చెరిగిపోయేలా గట్టు మీద రాజసం పరిచారు. ఇవాళ హైదరాబాద్ అనగానే ఫొటోల్లో కనిపించేది ఆ సగమే. మల్లేపల్లి క్వార్టర్ల ఫొటో ఎవరూ తీయరు.

బోర్డు ఎవరికి జవాబు చెప్పింది? నగర మునిసిపాలిటీకి చట్టబద్ధమైన రూపం 1933లో గానీ రాలేదు. ఓటు హక్కు కూడా కొద్దిమందిదే. బోర్డు దానికి వేరుగా, పైనుంచి వచ్చే ఫర్మానాతో నడిచింది. డబ్బు ఖజానాది. ఏ వాడ తీయాలో, ఎక్కడ కట్టాలో, కిరాయి ఎంతో అధికారులే నిర్ణయించారు. యువరాజు అధ్యక్షుడైతే పని వేగంగా జరుగుతుంది. ఎందుకు జరగలేదని అడిగేవాడు మాత్రం ఉండడు.

సరిగ్గా ఈ ఏళ్లలోనే వియన్నా నగరం ఇంకో దారి పట్టింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత అక్కడ కార్మికుల పార్టీ నగర పాలన చేపట్టింది. 1923లో ఇళ్ల కోసమే ప్రత్యేక పన్ను వేసింది. విలాసవంతమైన భవనాల మీద ఎక్కువ, చిన్న ఇళ్ల మీద నామమాత్రం. ఆ డబ్బుతో 1934 దాకా 60 వేలకు పైగా ఇళ్లు కట్టింది. 1930లో తెరిచిన కార్ల్ మార్క్స్ హోఫ్ అనే ఒక్క భవన సముదాయంలోనే 1,382 ఇళ్లు. కట్టడానికైన ఖర్చు కిరాయిలో రాబట్టాలని చూడలేదు. పన్నుతో కట్టారు కాబట్టి కిరాయి కార్మికుడి కూలిలో చాలా చిన్న భాగంగా ఉండిపోయింది. ఆ ఇళ్లు ఇప్పటికీ నగరానివే. ఇప్పటికీ కిరాయికే ఇస్తున్నారు. అంతకుముందే 1919లో బ్రిటన్ ప్రభుత్వం చట్టం చేసి, సర్కారు సాయంతో ఇళ్లు కట్టే బాధ్యత మునిసిపాలిటీల మీద పెట్టింది. లండన్ చట్టాల్ని క్షుణ్నంగా చదివే మన సంస్థానపు అధికారులకు ఇవేవీ తెలియనివి కావు.

హైదరాబాద్‌లో అలాంటి పన్ను లేదు. కిరాయి ఉంది. అక్కడే కథ వంకర తిరిగింది. నెల జీతం వచ్చే గుమాస్తా, బిళ్ల బంట్రోతు, మిల్లు కార్మికుడు నెలకొకసారి కిరాయి కట్టగలడు. రోజుకు కూలి పడితేనే పొయ్యి వెలిగేవాడు నెలాఖరున ఒక్కసారి ఎక్కడి నుంచి తెచ్చి కడతాడు? వాడికి కావలసింది రోజుకో అణా ఇచ్చి తలదాచుకునే చోటు. ఆ చోటు బోర్డు కట్టలేదు, బస్తీ కట్టింది. పేదల ఇళ్లని పేరు పెట్టినవి నెల జీతగాళ్ల ఇళ్లుగా స్థిరపడటం మన విధానాల్లో పాత జబ్బు. దాని మొదటి గుర్తులు నాకు ఇక్కడే కనిపిస్తాయి.

జనాభా లెక్కలు చూస్తే బోర్డు ఎంత వెనకబడిందో తెలుస్తుంది. ప్లేగు, 1918 ఇన్‌ఫ్లూయెంజా దెబ్బకు 1921 నాటికి నగరం సుమారు 4 లక్షలకు తగ్గింది. అప్పుడు ఇళ్ల కరువు అంతగా కనబడలేదు. 1931లో 4 లక్షల 67 వేలు. 1941కల్లా 7 లక్షల 39 వేలు! పదేళ్లలో సగానికి పైగా పెరుగుదల. ఆజమాబాద్‌లో కార్ఖానాలు వచ్చాయి, జిల్లాల నుంచి కరువు తరిమింది. తర్వాత సాయుధ పోరాటం. నల్లగొండ జిల్లాలో సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు పోరాటానికి గుండెకాయలని వేరే చెప్పాలా? గడీలు వదిలి దొరలు పట్నం చేరారు. వాళ్లకు అక్కడ బంగళాలు ఉన్నాయి. రజాకార్ల దాడులకు, ఆపైన సైన్యం దాడులకు ఊళ్లు వదిలిన మామూలు జనంలో ఎంతమంది పట్నం బస్తీల్లో తేలారో రాసిపెట్టినవాడు లేడు. 1951 లెక్కకు నగరం పది లక్షలు దాటిపోయింది. ఏటా కొన్ని వరసల ఇళ్లు కట్టే బోర్డు ఈ వేగాన్ని అందుకోగలదా?

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పోయింది. ఆ వెంటనే సర్కారు పథకాలు వరసగా వచ్చాయి. కేంద్రం 1952లో పారిశ్రామిక కార్మికుల ఇళ్ల పథకం పెట్టింది. 1956లో మురికివాడల చట్టం తెచ్చింది. అదే ఏడాది తెచ్చిన హౌసింగ్ బోర్డు చట్టంతో సీఐబీ బాధ్యతలు హౌసింగ్ బోర్డు చేతికి వెళ్లాయి. సంస్థ పేరు మారింది, సిబ్బందీ ఫైళ్లూ చాలావరకు పాతవే. కిరాయికి ఇచ్చే పద్ధతి మెల్లగా తగ్గి వాయిదాల మీద అమ్మే పద్ధతి వచ్చింది. సంజీవరెడ్డి నగర్ నుంచి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ దాకా ఆ వరసే. అవి మధ్యతరగతికి ఎంత మేలు చేశాయో చెప్పడానికి ఒక పుస్తకం చాలదు. మన ప్రాంతం నుంచి ఉద్యోగానికి వెళ్లినవాళ్లు ఎందరో ఆ వాయిదాలు కట్టి పట్నంలో నిలదొక్కుకున్నారు. కానీ అమ్మిన ఇల్లు తిరిగి రాదు. కిరాయికి ఇచ్చిన ఇల్లయితే ఒక కుటుంబం ఎదిగి వెళ్లిపోయాక ఇంకో పేద కుటుంబానికి దక్కుతుంది. వియన్నా ఇళ్లు అలా మూడు నాలుగు తరాల పేదల్ని మోశాయి. సీఐబీ ఇళ్లలో చాలావాటి జాగల్లో ఇప్పుడు అపార్టుమెంట్లు ఉన్నాయి.

ఇప్పటి సంగతి ఇక్కడ రెండు మాటల్లో చెప్పి వదలాలి. వివరంగా చెప్పాల్సిన భాగం వేరే ఉంది. 2015 నవంబరులో సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 396 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు తెరిచారు. పాత క్వార్టర్లు తీసేసి, అదే జాగలో, అదే జనానికి కట్టారు. గడిచిన వందేళ్లలో హైదరాబాద్ చేసిన మంచి పనుల్లో అది ఒకటని నా లెక్క. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 ఇళ్ల సముదాయం తెరిచారు. అంకె చూస్తే వియన్నా మేయరు కూడా లేచి నిలబడతాడు. అది ఉన్నది ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర, నగరం అంచున. పాతబస్తీలో ఇళ్లలో పనిచేసే మనిషికి అక్కడి నుంచి పనికి వచ్చిపోయే ఖర్చు, పట్టే పొద్దు ఎంత? ఎన్ని ఇళ్లు కట్టామన్నది ప్రభుత్వాల లెక్క. పనికి ఎంత దూరం, నెలకు ఎంత ఖర్చు అన్నది ఇంట్లో ఉండేవాళ్ల లెక్క. గృహ విధానం అనేది ఈ రెండో లెక్కతో మొదలుకావాలి. 1912 బోర్డుకు ఆ లెక్కలో సగం తెలుసు, దూరం సగం. కిరాయి సగం తెలియలేదు.

2024 సెప్టెంబరు చివర్లో మూసీ గట్టు మళ్లీ వార్తల్లోకి వచ్చింది. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇళ్ల గోడల మీద, తొలగించాల్సినవని ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని గుర్తులు పడ్డాయి. కొన్ని కుటుంబాలను మలక్‌పేట పిల్లిగుడిసెల్లోని డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు తరలించారు. ఆ దూరం తక్కువే. మిగతావాళ్లు అడిగినవి రెండే ప్రశ్నలు. ఎంత దూరం పంపుతారు? పిల్లల బడి ఏమవుతుంది? 1908 వరదలో మునిగిన ఒడ్డు అదే. నూట పదహారేళ్లు గడిచినా గట్టు మీద ఉన్నది పేదవాళ్లే.

మన దగ్గరేం తక్కువ? హుజూర్‌నగర్ పక్క రామస్వామి గుట్ట దగ్గర ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో మొదలెట్టిన పేదల కాలనీ ఏళ్ల తరబడి మొండి గోడలతో నిలబడిన సంగతి ఈ ప్రాంతం పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. సున్నపురాయి మనది, పాలకీడు మండలంలోనే మహంకాళిగూడెం దగ్గర సిమెంటు కర్మాగారం ఉంది. పక్కనే సిమెంటు తయారవుతున్న చోట ఇల్లు పూర్తి కాలేదంటే లోపం సరుకులో లేదు. ఏ ప్రభుత్వం మొదలుపెట్టిందన్నదాన్ని బట్టి ఇల్లు ఆగడం, సాగడం ఉన్నంతకాలం లోపం ఎక్కడుందో వెతకనక్కర్లేదు.

వచ్చే భాగం 1967తో మొదలవుతుంది. హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్‌లో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ విభాగం పుట్టిన ఏడాది అది. కూల్చకుండా, ఉన్నచోటే పట్టా ఇచ్చి, బ్యాంకు అప్పుతో బస్తీవాళ్లే ఇల్లు కట్టుకునే పద్ధతి అక్కడ ఎలా వచ్చిందో, దేశమంతా ఎందుకు చూడటానికి వచ్చిందో చెప్పుకుందాం. ఈలోగా ఒక విన్నపం. పాలకీడు, నేరేడుచర్ల, హుజూర్‌నగర్, మిర్యాలగూడ, కోదాడ వైపు నుంచి పట్నం వెళ్లి సీఐబీ క్వార్టర్లలోనో, హౌసింగ్ బోర్డు ఇళ్లలోనో ఉన్న పెద్దలు మీ ఇళ్లలో ఉంటే, వాళ్లు కట్టిన కిరాయి ఎంతో, పనికి ఎంత దూరం నడిచేవాళ్లో అడిగి రాసి పంపండి. పాత రసీదులు, కేటాయింపు పత్రాలు ఉంటే నకళ్లు మాత్రమే పంపండి, అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి.